ఒక సీటు, ఒకే చిట్టా

ప్రైవేటు బస్సుల టికెట్లు కాగితం మీద అమ్మిన రోజుల్లో ప్రతి బస్సుకీ ప్రతి రాత్రికీ ఒక చార్టు ఉండేది. పొడుగాటి కాగితం, దాని మీద గళ్ళు, ఒక్కో గడికి ఒక సీటు నంబరు. హైదరాబాద్ లక్డీకాపూల్లోని ట్రావెల్స్ ఆఫీసులో గుమస్తా ఆ చార్టు ముందేసుకుని కూర్చునేవాడు. కూకట్‌పల్లి నుంచి ఏజెంటు ఫోన్ చేసి "అన్నా, పధ్నాలుగు ఉందా?" అని అడిగితే, గడి చూసి, పేరు రాసుకుని, "రాసేశా, టికెట్ ఇచ్చెయ్" అనేవాడు. లైను ఎంగేజ్ వస్తే ఏజెంటు ఆగాల్సిందే. ఎదురుగా నిలబడ్డ ప్రయాణికుడు ఆగడు, పక్క షాపుకి పోతాడు. ఈ బాధ పడలేక యజమానులు కోటా పద్ధతి పెట్టుకున్నారు. ఈ ఏజెంటుకి నాలుగు సీట్లు, ఆ ఏజెంటుకి ఆరు. ఎవరి కోటా వాళ్ళు ఫోన్ చెయ్యకుండానే అమ్ముకోవచ్చు; మిగిలినవి ఉంటే సాయంత్రం చెప్పాలి.

అసలు నష్టం ఈ కోటాలోనే ఉంది. పండగ ముందు రోజు ఒక ఏజెంటు దగ్గర రెండు సీట్లు అలాగే పడి ఉంటాయి. అదే బస్సుకి ఊరి ఆ చివర ఇంకో ఏజెంటు "నిండిపోయిందండీ" అని వచ్చినవాళ్ళని తిప్పి పంపుతుంటాడు. బస్సు రెండు ఖాళీలతో బయల్దేరుతుంది. డీజిలు తగ్గదు, డ్రైవరు జీతం తగ్గదు, టోలు తగ్గదు. వెళ్ళిపోయిన బస్సులోని ఖాళీ సీటుని రేపు అమ్ముకుందామంటే కుదరదు. ఇది కాక, ఒకే సీటు ఇద్దరికి రాయడమనే తలనొప్పి వేరే. బస్సు కదిలే వేళకి ఇద్దరు మనుషులు, రెండు సరైన టికెట్లు, ఒక సీటు.

1950ల మొదట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కీ ఇదే అవస్థ. ప్రతి విమానానికీ ఒక కార్డు. ఆ కార్డులన్నీ గిరగిరా తిరిగే ఒక పెట్టెలో ఉండేవి. చుట్టూ ఎనిమిది మంది కూర్చుని, ఎవరైనా టికెట్ అడిగినప్పుడల్లా కార్డు తీసి సీటుకో గీత పెట్టేవారు. ఆ పెట్టె చుట్టూ అంతకు మించి మనుషులు పట్టరు. ఒక రిజర్వేషన్ తెమలడానికి సగటున 90 నిమిషాలు పట్టేది. 1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్ లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న విమానంలో ఆయనకి బ్లెయిర్ స్మిత్ అనే ఐబీఎం సేల్స్ ఉద్యోగి తటస్థపడ్డాడు. ఇంటిపేరు ఒకటే కావడంతో మాట కలిసింది, మాటలు రిజర్వేషన్ల గొడవ మీదికి మళ్ళాయి. ఐబీఎం అప్పట్లో అమెరికా వైమానిక దళం కోసం ఎక్కడెక్కడి రాడార్ల సమాచారాన్నో టెలిఫోన్ తీగల మీద తెప్పించి, అప్పటికప్పుడు తెరమీద చూపించే సేజ్ వ్యవస్థలో తలమునకలై ఉంది. శత్రు విమానాల్ని అలా చూడగలిగితే ఖాళీ సీట్లని ఎందుకు చూడలేం?

ఏళ్ళ తరబడి కష్టపడ్డాక వచ్చిందే సేబర్. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రయర్‌క్లిఫ్ మేనర్ అనే చిన్న ఊళ్ళో రెండు ఐబీఎం 7090 కంప్యూటర్లు పెట్టారు. 1964 నాటికి అమెరికా అంతటా ఉన్న ఆ సంస్థ బుకింగ్ సిబ్బంది అదే ఒక్క చిట్టాలో చూసి, అందులోనే రాయడం మొదలుపెట్టారు. గంటన్నర పని సెకన్లలోకి వచ్చింది. వ్యాపారానికి డేటాబేస్ చేసే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట ఇదే చెబుతాను: ఎంతమంది ఎక్కడెక్కడ కూర్చున్నా అందరి ముందూ ఉన్నది ఒకే చిట్టా. రంగులు, బొమ్మలు, మెరిసే పేజీలు దాని తర్వాతే.

అయితే ఆ తొలితరం యంత్రాలకు పెద్ద చిక్కు ఒకటుండేది. సమాచారం డిస్కులో ఎక్కడుందో, ఏ దారిలో పోతే దొరుకుతుందో ప్రోగ్రాము రాసేవాడికి క్షుణ్ణంగా తెలియాలి. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 రాకెట్‌కి లక్షల భాగాలు. వాటి లెక్క చూడడానికి ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ కూడా ఆ తరహాదే. ఏ భాగంలో ఏ చిన్న భాగాలున్నాయంటే చకచకా చెబుతుంది. అనుకోని కొత్త ప్రశ్న అడిగితే మాత్రం కొత్త ప్రోగ్రాము రాసుకోవాలి. యజమానికి పొద్దున్నే వచ్చిన సందేహానికి వారాల తర్వాత జవాబు.

ఈ ముడిని విప్పినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపి, ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలకు చేరిన గణితవేత్త. 1970 జూన్‌లో ఆయన ప్రచురించిన వ్యాసం చెప్పింది చాలా సూటి విషయం: సమాచారాన్నంతా మామూలు పట్టికల్లో పెట్టండి, యంత్రం లోపల అది ఎలా దాగి ఉందన్న బాధ వాడుకునేవాళ్ళకి వద్దు, ఏం కావాలో అడగనివ్వండి, ఎలా వెతకాలో యంత్రమే చూసుకుంటుంది. బస్సుల లెక్కలోకి తెచ్చి చూద్దాం. బస్సులకో పట్టిక, ట్రిప్పులకో పట్టిక, సీట్లకో పట్టిక, ప్రయాణికులకో పట్టిక. సీటు వరుసలో ప్రయాణికుడి పేరు, ఫోన్ మళ్ళీ రాయరు, అతని నంబరు మాత్రమే ఉంటుంది. అతను ఫోన్ మార్చుకుంటే ఒక్క చోట దిద్దితే చాలు. "పోయిన నెల విజయవాడ వెళ్ళి తిరుగు టికెట్ మా దగ్గర కొననివాళ్ళు ఎవరు?" అన్న ప్రశ్న ఎవరూ ముందు ఊహించకపోయినా సరే, ఆ పట్టికల్ని కలిపి జవాబు తెచ్చుకోవచ్చు.

ఇంత మంచి ఆలోచనని ఐబీఎం సరుకుగా మార్చడానికి చాలాకాలం తటపటాయించింది. ఐఎంఎస్ బాగా అమ్ముడవుతోంది మరి. శాన్ హోసేలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఆ పట్టికల్ని ప్రశ్నించే భాషకు రూపమిచ్చారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఇంగ్రెస్ అనే డేటాబేస్ కట్టారు. ఐబీఎం వారి పరిశోధన పత్రాలు చదివి లారీ ఎలిసన్ మిత్రులతో కలిసి 1977లో చిన్న కంపెనీ పెట్టి, 1979లో ఒరాకిల్‌ని ఐబీఎం కంటే ముందే మార్కెట్లోకి తెచ్చేశాడు.

ఇక అసలు సంగతికి, ఇద్దరు మనుషులు ఒకే సీటు అడిగే క్షణానికి, వద్దాం. పధ్నాలుగో నంబరు సీటు ఖాళీగా ఉందని మియాపూర్‌లో ఒకరి ఫోన్‌లోనూ, గుంటూరులో ఇంకొకరి ఫోన్‌లోనూ ఒకేసారి కనిపిస్తోంది. ఇద్దరూ ఒకే సెకనులో నొక్కారు. డేటాబేస్‌కి రెండు ఆజ్ఞలు వెళ్తాయి, రెండూ ఒకేలాంటివి: ఈ ట్రిప్పు, సీటు 14, దాని స్థితి "ఖాళీ" అయి ఉంటేనే "పట్టి ఉంచు" అని మార్చు. మొదట చేరిన ఆజ్ఞ ఆ ఒక్క వరుసకి తాళం వేస్తుంది. రెండోది గుమ్మంలో ఆగుతుంది. అదీ సెకనులో ఎన్నో వంతు సేపే. తాళం తీశాక అది చూసేసరికి స్థితి "ఖాళీ" లేదు. మారిన వరుసలు ఎన్ని అంటే సున్నా. గుంటూరు ఫోన్‌లో "ఈ సీటు ఇప్పుడే అయిపోయింది" అన్న మాట కనిపిస్తుంది. మియాపూర్ మనిషికి డబ్బు కట్టడానికి కొన్ని నిమిషాల గడువు. బ్యాంకు సరేనంటే "అమ్మాం"; గడువు దాటితే సీటు తిరిగి "ఖాళీ".

చూడడానికి చిన్న పనే. దీన్ని ఎప్పుడూ, కరెంటు పోయినా, మధ్యలో యంత్రం ఆగిపోయినా తప్పకుండా జరిగేలా చెయ్యడానికి జిమ్ గ్రే, ఈశ్వరన్, లోరీ, ట్రైగర్ లాంటి వాళ్ళు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. తాళాలు ఏ క్రమంలో వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి అన్న నియమాల్ని ఆ నలుగురూ 1976లో ఒక వ్యాసంలో తేల్చారు. సీటు రాయడం, డబ్బు జమ, ఏజెంటు కమీషన్, ఈ మూడూ కలిసి ఒకే మూట. జరిగితే మూడూ జరగాలి, లేకపోతే ఒక్కటీ జరగకూడదు. చెయ్యబోయే ప్రతి మార్పునీ ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది యంత్రం. మధ్యలో పడిపోయి లేస్తే ఆ లాగ్ చదువుకుని, సగంలో ఉన్న మూటల్ని వెనక్కి తీసేస్తుంది. జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన జేబులోంచి డబ్బు పోయి టికెట్ రాని పరిస్థితి తప్పిన ప్రతిసారీ మనం తలుచుకోవాల్సిన పేరు అది.

కోట్ల వరుసల్లో ఆ ఒక్క వరుసని పట్టుకోవడం వెనకా చక్కని గణితం ఉంది. బోయింగ్ సంస్థలో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో బీ-ట్రీ అనే సూచికను రూపొందించారు. ఒక్కో మెట్టు దగ్గర వంద దారులు ఉన్నాయనుకోండి. నాలుగు మెట్లలో 10 కోట్ల వరుసల్లో దేనినైనా చేరుకోవచ్చు.

1990ల దాకా ఈ చిట్టా పెద్ద సంస్థల గోడల వెనకే ఉండిపోయింది. టిమ్ బెర్నర్స్-లీ సృష్టించిన వెబ్‌లో తొలినాళ్ళ పేజీలు అచ్చు వేసిన కరపత్రాల్లాంటివి, ఎవరు ఎప్పుడు తెరిచినా అదే రాత. 1993లో సీజీఐ అనే ఏర్పాటు వచ్చాక కథ మలుపు తిరిగింది: ఎవరైనా పేజీ అడిగినప్పుడు సర్వరు ఒక ప్రోగ్రాము నడిపి, ఆ క్షణంలో పేజీ తయారుచేసి పంపగలదు. ఆ ప్రోగ్రాము వెళ్ళి డేటాబేస్‌ని అడిగి రావచ్చు. 1995లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ రెండూ వచ్చాయి. రెండూ పైసా ఖర్చు లేకుండా దొరికేవే. సేబర్‌కి కోట్ల డాలర్లు పోశారు. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి అదే గుణమున్న పనిముట్టు ఒక ట్రావెల్స్ యజమానికి అందుబాటులోకి వచ్చేసింది. ఈ కథలో చిన్న వ్యాపారికి అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం.

మన రైల్వే కంప్యూటరు రిజర్వేషన్లు 1980ల నడుమ ఢిల్లీలో మొదలయ్యాయి. అప్పట్లో ఒక్కో కేంద్రానికి ఒక్కో చిట్టా. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్, ఈ ఐదు కేంద్రాలూ 1999 నాటికి కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరుతో ఒకటయ్యాయి. సికింద్రాబాద్ కౌంటర్లో కూర్చుని హౌరా నుంచి ఢిల్లీకి టికెట్ తీసుకోవడం అలా సాధ్యమైంది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆ చిట్టాకి వెబ్‌లో తలుపు తెరిచింది.

ప్రైవేటు బస్సులకి మాత్రం 2005 దీపావళి నాటికి కూడా చార్టూ, కోటా, ఫోనే. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న ఫణీంద్ర సామ పండక్కి హైదరాబాద్ రావాలని ఏజెంట్ల చుట్టూ తిరిగి, టికెట్ దొరక్క ఉండిపోయారు. ఎక్కడో ఒక ఏజెంటు దగ్గర సీటు మిగిలి ఉండవచ్చు, అది తెలుసుకునే మార్గమే లేదన్నది ఆయన్ని పట్టుకుంది. బిట్స్ పిలానీ స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలుపెట్టారు. మొదట ఆపరేటర్లకు సాఫ్ట్‌వేరు ఇస్తామంటే పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. అందుకని తామే ఏజెంట్లుగా మారి కొన్ని సీట్లు తీసుకుని వెబ్‌లో అమ్మి చూపించారు. తర్వాత ఆపరేటర్ల చార్టునే కంప్యూటర్లోకి తెచ్చే సాఫ్ట్‌వేరు పెట్టారు. కోటాల గోడలు కూలింది అక్కడే. 2013లో ఆ కంపెనీని ఐబిబో గ్రూపు కొనుక్కుంది.

చార్టు ఇలా డేటాబేస్‌లోకి వచ్చిన ఆపరేటరుకి ఒరిగేది సీట్లు నిండడం ఒక్కటే కాదు. ప్రతి అమ్మకం ఒక వరుసగా మిగిలిపోతుంది. ఏ రాత్రి బస్సు మూడు రోజుల ముందే నిండుతోంది, ఏ పికప్ పాయింటులో ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు, ఏ ఏజెంటు టికెట్లు ఎక్కువగా రద్దవుతున్నాయి... ఇవన్నీ మేనేజరు జ్ఞాపకం మీద కాక, లెక్క మీద తేలతాయి. కమీషన్ల కోసం రాత్రి పదకొండు దాకా కూర్చుని కాగితాలు తడమక్కర్లేదు. వ్యాపారంలోని మర్యాదలు కూడా నియమాలై లోపల కూర్చుంటాయి. జంట సీట్లలో ఒకటి ఒంటరిగా వెళ్ళే మహిళ తీసుకుంటే పక్క సీటు మహిళలకే చూపించాలన్నది ఒకప్పుడు గుమస్తా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి; ఇప్పుడు అది పట్టికలో ఒక గడి, ప్రోగ్రాములో ఒక షరతు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 1998లో కార్డ్ ప్రాజెక్టు పెట్టినప్పుడూ కాగితాల లెక్క ఇలాగే డేటాబేస్‌లోకి వచ్చింది. లోన్ కోసం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే పాత సంపుటాలు తిరగెయ్యడానికి రోజులు పట్టేది, అది నిమిషాల పనైంది.

తలుపు తెరిచాక దొంగ భయమూ ఉంటుంది. ప్రయాణికుడి పేరు రాయాల్సిన గడిలో ఒకడు పేరుకి బదులు డేటాబేస్‌కి ఇచ్చే ఆజ్ఞ రాస్తాడు. అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము దాన్ని పేరుగా కాక ఆజ్ఞగానే లోపలికి పంపేస్తే, కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ వాడి చేతికి పోవచ్చు. బయటినుంచి వచ్చిందేదైనా ఉత్త విలువగానే చూసేలా ప్రోగ్రాము రాస్తే ఇది ఆగిపోతుంది. వెబ్‌సైటు కట్టించుకునే యజమాని డిజైన్ గురించి ఎంత అడుగుతాడో దీని గురించీ, బ్యాకప్ గురించీ అంతే గట్టిగా అడగాలి. బ్యాకప్ ఉందంటే చాలదు, దాన్ని తిరిగి ఎక్కించి చూపించమనాలి.

ఇంతా చేసి, చిట్టా ఒకటే అన్న మాట నిలబడేది మనుషుల అలవాటు మీదే. సాయంత్రం బస్సు పాడై, దాని బదులు వేరే బస్సు వస్తుంది. పాతది ఒకవైపు ఒక బెర్తు, ఇంకోవైపు రెండు బెర్తులుండే స్లీపరు. కొత్తది మామూలు సీట్ల బస్సు. ఆ మార్పు వెంటనే ఎక్కించకపోతే లేని బెర్తులు అమ్ముడవుతూనే ఉంటాయి. కౌంటర్లో తెలిసినవాళ్ళు అడిగారని గుమస్తా రెండు సీట్లు కాగితం మీద రాసుకుని, రాత్రికి ఎక్కిద్దాంలే అనుకుంటే, తాళాలూ లాగ్‌లూ ఏవీ ఆదుకోలేవు. వాటికి ఆ అమ్మకం జరిగినట్టే తెలియదు. అందుకే సాఫ్ట్‌వేరు పెట్టిన మొదటి రోజునే కౌంటరు మీంచి పాత చార్టుల పుస్తకం తీయించెయ్యాలి.