స్పీకరా? హెడ్‌ఫోనా? చెవికి ఏది మేలు?

సాయంత్రం ఆరు దాటింది. పెద్దబ్బాయి గదిలో స్పీకరు పెట్టుకుని పాటలు వింటున్నాడు. "ఒరే, సౌండు తగ్గించరా, నాయనమ్మకు తలనొప్పిగా ఉందట" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది. కాసేపు తగ్గింది, మళ్ళీ పెరిగింది. చివరికి నాన్నగారు విసిగిపోయి ఒక హెడ్‌ఫోను కొనిచ్చారు. ఆ రోజు నుండి ఇల్లు ప్రశాంతం. ఇది మనలో చాలామంది ఇళ్ళలో జరిగేదే. కాని కొన్ని నెలలు గడిచాక అదే అమ్మ, "ఎన్నిసార్లు పిలిచినా పలకడం లేదు" అని బాధపడుతుంది. పాటలో మునిగి పలకలేదా, లేక నిజంగానే వినబడలేదా?

స్పీకరు మంచిదా, హెడ్‌ఫోను మంచిదా అని చాలామంది అడుగుతుంటారు. శబ్దం దేనిలోంచి వస్తోందో చెవికి తెలియదు. అది ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపు ఉంది అనే రెండు విషయాల మీదే చెవి క్షేమం ఆధారపడి ఉంటుంది.

చెవి లోపల ఏం జరుగుతుంది?

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా అనే భాగంలో, సన్నని వెంట్రుకల వంటి నిర్మాణాలు గల కణాలు సుమారు 15,000 ఉంటాయి. ఇవే శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. పెద్ద శబ్దానికి ఇవి అలసిపోతాయి. విశ్రాంతి ఇస్తే కొంతవరకు కోలుకుంటాయి. రోజూ అదే పని జరిగితే చనిపోతాయి. మనిషిలో ఇవి ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు. ఇందుకు మందు గాని, ఆపరేషన్ గాని ఇంతవరకు లేదు. వినికిడి యంత్రం సహాయపడుతుంది, కాని పోయిన కణాలను తిరిగి తేలేదు.

ఇలా వచ్చే చెవుడు సాధారణంగా సన్నని, కీచు శబ్దాలతో మొదలవుతుంది. కనుక ఎదుటివారు మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది గాని, ఏమన్నారో స్పష్టంగా తెలియదు. "పాలు" అంటే "కాలు" అనుకుంటారు. నొప్పి ఉండదు కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోరు.

శబ్దానికీ మోతాదు ఉంది

మందుకు మోతాదు ఉన్నట్లే శబ్దానికీ ఉంది. దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. 100 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి సుమారు 20 నిమిషాలే! పిల్లలకు పరిమితి ఇంకా తక్కువ: 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, వినగలిగే సమయం సగమవుతుంది. పూర్తి వాల్యూమ్ పెడితే చాలా ఫోన్లు, ఇయర్‌ఫోన్లు 100 డెసిబెల్స్ దాకా వెళ్ళగలవు.

మరి తేడా ఎక్కడుంది?

స్పీకరుకు, చెవికి మధ్య దూరం ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ శబ్దం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో అందరూ వింటారు కాబట్టి మితిమీరితే ఎవరో ఒకరు "తగ్గించు" అంటారు. విసుగనిపించినా ఆ మాటే చెవికి కాపలా. హెడ్‌ఫోను పెట్టుకున్నప్పుడు ఆ కాపలా ఉండదు. ఎంత గట్టిగా వింటున్నారో వినేవారికి తప్ప ఎవరికీ తెలియదు. చెవి మెల్లగా అలవాటు పడుతుంది గనుక, ఒక్కోసారి వారికీ తెలియదు. బస్సులో గాని, మిక్సీ తిరుగుతున్న ఇంట్లో గాని బయటి శబ్దాన్ని మించి వినాలని వాల్యూమ్ ఇంకా పెంచుతారు.

అలాగని హెడ్‌ఫోనును తప్పుపట్టనక్కరలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తక్కువ వాల్యూమ్‌తో వింటే అది క్షేమమే. పక్కన రోగి గాని, పసిబిడ్డ గాని నిద్రపోతుంటే అదే మంచి పద్ధతి. చిన్న గదిలో పెద్ద స్పీకర్లు మోగించినా, ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నిలబడినా చెవికి ప్రమాదమే. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మాత్రమే పరిమితి.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ఫోను వాల్యూమ్‌ను 60 శాతం దాటనివ్వకండి. చాలా ఫోన్లలో పరిమితి పెట్టే సదుపాయం ఉంది. పిల్లల ఫోన్లలో దాన్ని మీరే అమర్చండి.

2. చేయి చాచినంత దూరంలో ఉన్నవారు మామూలుగా మాట్లాడితే వినబడాలి. వినబడకపోతే సౌండు ఎక్కువైనట్లే. స్పీకరుకైనా, హెడ్‌ఫోనుకైనా ఇదే పరీక్ష.

3. గంటకొకసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి. హెడ్‌ఫోను పెట్టుకుని నిద్రపోకండి.

4. రద్దీ ప్రదేశాలలో వాల్యూమ్ పెంచే బదులు వినడం మానండి, లేదా బయటి శబ్దాన్ని తగ్గించే రకం హెడ్‌ఫోను వాడండి. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు అసలు వద్దు.

5. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లను ఒకరివి మరొకరు వాడకండి. తరచుగా శుభ్రంగా తుడవండి. స్నానం చేశాక చెవి ఆరిన తరువాతే పెట్టుకోండి. చెవిలో చీము కారుతుంటే ఇయర్‌ఫోను పెట్టవద్దు, నూనె పోయవద్దు, వైద్యునికి చూపించండి.

వెంటనే రావలసినది ఎప్పుడు?

పాటలు విన్న తరువాత చెవిలో గుయ్‌మని హోరు వచ్చినా, చెవులు మూసుకుపోయినట్లున్నా అది హెచ్చరిక. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే, లేక మళ్ళీ మళ్ళీ వస్తుంటే పరీక్ష చేయించుకోవాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. మొదటి రోజుల్లో చికిత్స మొదలుపెడితే కోలుకునే అవకాశం ఎక్కువ.

ఇక మనం మొదట చెప్పుకున్న అబ్బాయి సంగతి. పిలిచినా పలకడం లేదని కోప్పడే ముందు, హెడ్‌ఫోను తీయించి, వెనుక నుండి మెల్లగా ఒకసారి పిలిచి చూడండి. అనుమానం వస్తే ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. ఆ పరీక్షలో సూదులుండవు, నొప్పి ఉండదు, అరగంటలో అయిపోతుంది. హెడ్‌ఫోను కొనిచ్చిన రోజు "సౌండు తగ్గించు" అని చెప్పడం ఇంట్లోవారు మానేశారు. ఇకమీదట ఆ మాట తనకు తానే చెప్పుకోవాలని ఆ అబ్బాయికి నేర్పండి.