రోబో హస్తానికి అడ్డంకులు తప్పించే విద్య

బల్లపై ఎడమవైపున ఉన్న వస్తువును తీసి కుడివైపున ఉంచడం మనిషికి ఏమాత్రం ఆలోచించవలసిన పని కాదు. నడుమ నీళ్ళ గ్లాసు ఉన్నప్పటికీ మోచేయి దానంతట అదే పక్కకు తొలగుతుంది. యంత్రానికి ఈ సహజ జ్ఞానం లేదు. ఎక్కడ వంగవలెనో, దేనిని తప్పించుకొని పోవలెనో ముందుగా ఎవరో ఒకరు దానికి తెలియజేయవలసి ఉంటుంది. ఆ నేర్పును విద్యార్థి దశలోనే అలవరచడం నేటి సాంకేతిక విద్యలో ముఖ్యమైన అంశం.

ఈ పాఠం ఎందుకు అవసరం?

పరిశ్రమలో పనికి కుదిరిన తొలి రోబో హస్తం ‘యూనిమేట్’. 1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో దీనిని నెలకొల్పారు. అచ్చుల నుండి వెలువడే వేడి లోహపు భాగాలను ఎత్తి పక్కన పెట్టడం దాని పని. నేర్పిన కదలికలను తు.చ. తప్పక మళ్ళీ మళ్ళీ చేయడమే కాని, తన చుట్టూ ఏమున్నదో దానికి తెలియదు.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో 1979 జనవరిలో వెల్లడైంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఒక కర్మాగారంలో రోబో హస్తం తగిలి ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. యంత్రం దారిలో అడ్డుగా ఉన్నది పెట్టె కావచ్చు, గోడ కావచ్చు, మనిషి కూడా కావచ్చు. అందుచేత అడ్డంకులను తప్పించే ప్రోగ్రాం రాయడం కేవలం గణితాభ్యాసం కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన విద్య.

అదే 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి దానికి వ్యవస్థాపక డైరెక్టర్ కావడం, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఆయన మరొకరితో కలసి అందుకోవడం తెలుగువారందరికీ గర్వకారణం.

తొలి మెట్టు: కీళ్ళ లెక్క

బోధన ఆరంభించడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. అట్టముక్కలు, రెండు చిన్న సర్వో మోటార్లు, ఒక ఆర్డుయినో బోర్డు ఉంటే చాలు. భుజం వద్ద ఒకటి, మోచేయి వద్ద ఒకటి చొప్పున రెండు కీళ్ళు గల చేయి బల్లపై అడ్డంగా తిరిగేటట్లు అమర్చవచ్చు.

భుజం నుండి మోచేతికి 15 సెంటీమీటర్లు, మోచేయి నుండి కొసకు 15 సెంటీమీటర్లు ఉన్నదనుకుందాం. అందుకోవలసిన వస్తువు భుజానికి నేరుగా ఎదురుగా 24 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది. అప్పుడు మోచేయి ఆ సరళరేఖ మధ్యభాగానికి, అనగా 12 సెంటీమీటర్ల వద్దకు ఎదురుగా, 9 సెంటీమీటర్లు పక్కకు జరిగి నిలుస్తుంది. ఇది పాఠశాలలో నేర్చిన పైథాగరస్ సిద్ధాంతమే. 12, 9 భుజాలుగా గల లంబకోణ త్రిభుజానికి కర్ణం 15.

అయితే మోచేయి ఎడమవైపునా ఉండవచ్చు, కుడివైపునా ఉండవచ్చు. చేరే చోటు ఒకటే, చేరే భంగిమలు రెండు. కుడివైపున కలాల డబ్బా ఉంటే ఎడమ భంగిమను ఎంచుకోవాలి. భుజాన్ని ఎడమకు సుమారు 37 డిగ్రీలు, మోచేతిని తిరిగి కుడికి సుమారు 74 డిగ్రీలు తిప్పితే పని నెరవేరుతుంది. చేతి కొసను మాత్రమే కాక మొత్తం చేతిని గమనించాలన్న మొదటి నీతి విద్యార్థికి ఇక్కడే బోధపడుతుంది.

రెండవ మెట్టు: గళ్ళ కాగితంపై దారి

గమ్యం చేరే భంగిమ తెలిసినంత మాత్రాన దారి తెలిసినట్లు కాదు. రెండు కీళ్ళు ఒకేసారి తిరిగినప్పుడు కొస సాధారణంగా సరళరేఖలో పోదు, వంపు తిరిగి పోతుంది. కొత్తగా నేర్చేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

దీనికి చక్కని ఉపాయం ఉన్నది. గళ్ళ కాగితంపై అడ్డంగా భుజపు కోణాన్ని, నిలువుగా మోచేతి కోణాన్ని గుర్తించాలి. ఒక్కొక్క కీలు 180 డిగ్రీలు తిరుగుతుందనుకొని, 10 డిగ్రీలకు ఒక గడి చొప్పున గీస్తే 324 గళ్ళు వస్తాయి. ఏ గడిలోని కోణాల వద్ద చేతిలోని ఏ భాగమైనా అడ్డంకికి తగులుతుందో ఆ గడిని నలుపు చేయాలి. మిగిలిన తెల్ల గళ్ళలో బయలుదేరిన గడి నుండి గమ్యపు గడికి దారి వెతకాలి. బల్లపై చిక్కుముడిగా తోచిన సమస్య కాగితంపై చిన్నపిల్లల ‘దారి కనుక్కోండి’ ఆటగా మారిపోతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన టొమాస్ లొజానో పెరెజ్ 1983లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఈ భావనకు శాస్త్రీయమైన పునాదులలో ఒకటి. గళ్ళలో అతి తక్కువ దూరపు దారిని వెతికే ‘ఎ స్టార్’ పద్ధతి అంతకు ముందే, 1968లో వెలువడింది.

కీళ్ళు పెరిగినకొద్దీ ఈ పద్ధతి భారమవుతుంది. ఆరు కీళ్ళకు డిగ్రీకొక గడి చొప్పున లెక్కిస్తే సుమారు 34 లక్షల కోట్ల గళ్ళు అవుతాయి. అన్నింటినీ పరిశీలించడం అసాధ్యం గనుక, అక్కడక్కడ యాదృచ్ఛికంగా కొన్ని భంగిమలను ఎంచి, తగలని వాటిని చెట్టు కొమ్మల వలె కలుపుకుంటూ పోయే పద్ధతిని స్టీవెన్ లవాలే 1998లో ప్రతిపాదించారు. ఉన్నత తరగతుల వారికి దీనిని పరిచయం చేయవచ్చు.

ఉపాధ్యాయులు గమనింపవలసిన అంశాలు

ఖాళీ చేతితో సాఫీగా సాగిన ప్రోగ్రాం వస్తువును పట్టుకొన్న తరువాత అడ్డంకిని ఢీకొనవచ్చు. పట్టుకొన్న వస్తువు ఆ క్షణం నుండి చేతిలో భాగమేనన్న సంగతిని లెక్కలో చేర్చాలి. చిన్న మోటార్లు చెప్పిన కోణం వద్దనే ఖచ్చితంగా ఆగవు గనుక, అడ్డంకి చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల కంచె ఉన్నట్లు భావించి దారి నిర్ణయించాలి. రెండు తెల్ల గళ్ళ నడుమ సాగే కదలికను కూడా తనిఖీ చేయాలి.

ప్రోగ్రాంను ముందుగా కంప్యూటర్ తెరపై పరీక్షించడం, పిదప అసలు చేతిని అతి తక్కువ వేగంతో నడపడం, విద్యుత్తును వెంటనే నిలిపివేసే స్విచ్‌ను చేతికి అందుబాటులో ఉంచడం తప్పనిసరి. చేయి కదులుతున్నంతసేపూ దాని పరిధిలోనికి ఎవరూ చేయి చాపరాదు. ఆట వస్తువు వంటి యంత్రంతో అలవడిన ఈ క్రమశిక్షణే రేపు కర్మాగారంలో తోటి కార్మికుని కాపాడుతుంది.

అందుబాటులో సదుపాయాలు

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశవ్యాప్తంగా 10 వేలకు పైగా పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. 6 నుండి 12 తరగతుల విద్యార్థులకు ఉద్దేశించిన ఈ ప్రయోగశాలలకు ఒక్కొక్క దానికి 20 లక్షల రూపాయల వరకు సహాయం అందించే ఏర్పాటు ఉన్నది. రోబోటిక్స్ పరికరాలు గల ఇటువంటి ప్రయోగశాలలలో పై అభ్యాసాన్ని చేయించవచ్చు. ఆ సదుపాయం లేని పాఠశాలలలో సైతం గళ్ళ కాగితం, పెన్సిల్, అట్టతో చేసిన చేయి ఉంటే పాఠంలో అధిక భాగం పూర్తవుతుంది.

అడ్డంకి ఎదురైనప్పుడు తొందరపడి ముందుకు తోయక, కాస్త ఆగి, అన్ని వైపులా పరికించి దారి ఎంచుకోవడం ఈ విద్య సారాంశం. యంత్రానికి దీనిని నేర్పే క్రమంలో విద్యార్థి తానూ నేర్చుకుంటాడు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ దిశగా పిల్లలను ప్రోత్సహించగలరని ఆశిద్దాం.