సాగదీయడం సులువు, కుదించడమే విద్య

"సార్, జీపుకు వెడల్పు టైర్లు వేస్తే మడ్‌గార్డు చాలదు కదా. ఓ రేకు ముక్క వంచి అతికిస్తే సరిపోదా?" అని ధర్మవరంలో ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. సరిపోదు. ఎందుకు సరిపోదన్నది మాత్రం భలే లెక్క.

టైరు బాడీని దాటి బయటికొస్తే బురద, కంకర వెనకొచ్చేవాళ్ల మీద పడతాయి. దానికి అడ్డుగా చక్రం పైన బిగించే అదనపు అంచునే ఆఫ్‌రోడ్ వాళ్లు ఫెండర్ ఫ్లేర్ అంటారు. చక్రం దగ్గర బాడీ కోత 40 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న అర్ధవృత్తం అనుకుందాం. దాని పొడవు 125.7 సెంటీమీటర్లు. అంత పొడవు పట్టీని తీసుకుని గుండ్రంగా వంచడం ఎవరైనా చేస్తారు. బోల్టులు వేయడానికి ఆ పట్టీ లోపలి అంచును బాడీ వెంట 2.5 సెంటీమీటర్లు పైకి మడవాలి. మడిచిన అంచు కొసకు 133.5 సెంటీమీటర్లు కావాలి, ఉన్నది 125.7. దాదాపు 7.8 సెంటీమీటర్లు లోటు. బయటి అంచు కోసుకోకుండా 2 సెంటీమీటర్లు టైరు వైపు మడిస్తే అక్కడ పట్టేది 119.4 మాత్రమే. 6.3 సెంటీమీటర్ల రేకు మిగిలిపోయింది. ఒకే ముక్కకు ఒక అంచున కరువు, ఇంకో అంచున ఎక్కువ!

చదునైన రేకును సాగదీయకుండా, కుదించకుండా గొట్టంగా చుట్టొచ్చు, శంకువుగా మలచొచ్చు. రెండు దిక్కులా వంపు తేవడం మాత్రం కుదరదని గౌస్ 1827లోనే తేల్చాడు. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపు మడ్‌గార్డులు బల్లపరుపుగా ఉండటంలోని సుఖం ఇదే. రేకును కోసి వంచితే పని అయిపోతుంది. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టిందీ విల్లీస్ జీపులనే.

లోటు పెద్ద సమస్య కాదు. దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే రేకు పలచబడి సాగుతుంది. కావలసిన సాగుదల 6 శాతం పైచిలుకు. మెత్తని ఉక్కు రేకు అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది. చిక్కంతా మిగులుతోనే. తోస్తే రేకు లోపలికి పోదు, అలలుగా లేస్తుంది. ధర్మవరం పట్టుచీరకు ఈ బాధ లేదు. పడుగు, పేక ఒకదానిమీద ఒకటి కాస్త వాలతాయి, అప్పటికీ మిగిలితే కుచ్చిళ్లు పోస్తాం. టింకరింగ్ మేస్త్రీ చేసేదీ ముందు కుచ్చిళ్ల పనే. అంచును పట్టకారుతో మెలిపెట్టి ముడత లేపుతాడు. అది విప్పుకోకుండా ఆపి, కొయ్య సుత్తితో అణుస్తాడు. పక్కకు జరగడానికి చోటు లేక రేకు తనలోకే దూరి మందమవుతుంది. లోహం ఎక్కడికీ పోలేదు, పొడవు మందంగా మారిందంతే.

ఈ పని చేయడానికే పుట్టిన యంత్రం ష్రింకర్. నాకు దీని మీద పిచ్చి ప్రేమ. గరుకు పళ్లున్న రెండు జతల దవడలు, ఒకటి పైన, ఒకటి కింద. పెడలు తొక్కగానే రేకును గట్టిగా పట్టుకుంటాయి. ఇంకా తొక్కితే, అవి కూర్చున్న గూడు ఏటవాలుగా ఉంటుంది కనుక, దవడలు ఒకదానివైపు ఒకటి జారతాయి. పట్టులో ఉన్న రేకూ వాటితో దగ్గరకు రావాల్సిందే. పైనా కిందా అదిమి ఉన్నాయి కాబట్టి ముడత లేవడానికి సందే లేదు. కిందికి నొక్కే బలాన్ని పక్కకు తిప్పేది ఆ చిన్న వాలే. వాలు దిశ మారిన దవడలు బిగిస్తే అదే యంత్రం రేకును సాగదీస్తుంది! ఒక్కో కాటుకు కుదిరేది చాలా తక్కువ. అంచు పొడవునా కొరుకుతూ పోవాలి. ఒకేచోట అదేపనిగా కొరికితే లోహం బిరుసెక్కి చిట్లుతుంది. అప్పుడు ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పళ్ల గాట్లు ఆకురాయితో పోగొట్టుకోవాలి, అది విసుగు పని.

విమానాలు కర్ర, గుడ్డ వదిలి లోహపు తొడుగులకు మారుతున్న రోజుల్లో ఇలాంటి యంత్రాలకు గిరాకీ వచ్చింది. అమెరికాలో హెన్రీ బెర్లినర్ 1930లో పెట్టిన ఎర్కో సంస్థ ఈ పనిలో పేరు తెచ్చుకుంది. తర్వాత ఫైబర్, ప్లాస్టిక్ వచ్చాయి, కొత్త బళ్లకు నల్ల ప్లాస్టిక్ అంచులే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారం ఏటా 3 లక్షల బళ్ల సామర్థ్యంతో కట్టినది. అంత పెద్ద ఎత్తున చేసేటప్పుడు రేకు పనికి దారి వేరు. ప్రెస్సులో రేకు అంచులను నొక్కిపట్టి నడుమను అచ్చులోకి లాగుతారు, మిగిలిన అంచు కోసేస్తారు. లక్షల ముక్కలకు ఆ అచ్చు ఖర్చు గిట్టుబాటు. హిందూపురంలో ఒక్క జీపుకు నాలుగు ముక్కలు కావాలంటే అచ్చు ఎవరు పోయిస్తారు? అక్కడ నా ఓటు ష్రింకర్‌కే.

ఇక సరదాపడి బాడీకి కోత పెట్టేవాళ్లకు ఒక మాట. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. రేకు కొనకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి అడగండి.