మాటకు ముందు చెవి

హన్నా ఏటేటా చిన్న అంగీ ఒకటి కుట్టి షిలోహుకు తీసికొని వెళ్లేదని 1 సమూయేలు 2:19లో చదువుతాము. బిడ్డ కంటి ఎదుట లేడు. అయినా ఈ ఏడు ఎంత పొడుగు అయి ఉంటాడో ఆ తల్లికి అంచనా ఉన్నది. మన పిల్లలు మన ఒడిలోనే ఉన్నారు. చొక్కా పొట్టి అయితే ఇట్టే పసిగట్టి సంతలో కొత్తది కొంటాము. మాట పొట్టిగా ఉంటే మాత్రము పసిగట్టము.

మూడేళ్ల బిడ్డ పలకమీద సున్న చుట్టగలడా, అయిదేళ్లవాడు ఒంటికాలిమీద గెంతగలడా అన్నది ఆటలోనే తెలిసిపోతుంది. మాట సంగతే మనము వాయిదా వేస్తాము. రెండేళ్లకు రెండు మాటలు కలిపి "పాలు కావాలి" అనాలి. మూడేళ్లకు తన పేరు చెప్పాలి. ఇంటివారికే గాక కొత్తవారికి కూడా దాని మాట చాలావరకు అర్థము కావాలి. నాలుగేళ్లకు అంగన్‌వాడీలో జరిగినది ఇంటికి వచ్చి చెప్పాలి. నెలా రెండు నెలలు అటూ ఇటూ అయితే కంగారు అక్కరలేదు. వచ్చిన మాటలు పోతే మాత్రము ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మా సంఘములో ఒక పాప సండే స్కూలు పాటలకు చేతులు ముద్దుగా ఆడించేది. పక్క పిల్లలకంటే ఒక్క క్షణము వెనుక. బుద్ధిమంతురాలు, అల్లరి లేదు అని మెచ్చుకున్నాము. మూడేళ్లు నిండినప్పుడు తల్లి వచ్చి, "అయ్యగారూ, పిల్లకు ఇంకా మాటలు రాలేదండీ" అన్నది. వెంట వచ్చిన నాయనమ్మ, "వీళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయండీ. వస అరగదీసి నాకిస్తున్నాం" అన్నది. మేము ప్రార్థన చేసి పంపివేశాము. ప్రార్థన చేయడము తప్పు కాదు, అంతటితో పంపివేయడమే మా తప్పు.

మరో ఏడాదికి సండే స్కూలు టీచరమ్మ కనిపెట్టినది. పాప వెనుక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచినది. పాప తిరుగలేదు. ఇంట్లో పళ్లెము పడితే తిరిగేది గనుక వినబడుతున్నదనే అందరూ అనుకున్నారు. పెద్ద చప్పుడు వినబడి, మాట వినబడని చెవుడు ఉంటుంది. నేల అదురుకు కూడా పిల్లలు తిరుగుతారు. కాబట్టి పళ్లెము పరీక్ష పరీక్ష కాదు.

మార్కు 7వ అధ్యాయములో చెవుడు, నత్తి గల మనుష్యుని జనులు ప్రభువునొద్దకు తీసికొని వచ్చిరి. ప్రభువు ముందు అతని చెవులలో వ్రేళ్లు పెట్టెను, ఆ తరువాతనే నాలుక ముట్టెను. విననిది పలుకదు. వస కొమ్ము నాలుకమీద అరగదీసే మనము చెవి సంగతి మరచితిమి.

మేనరికపు ఇండ్లలో పుట్టు చెవుడు ఎక్కువగా కనబడుతుంది. ఈ పాప తల్లిదండ్రులదీ మేనరికమే. చెవి కారుతూ ఉన్నా వినికిడి తగ్గుతుంది. నూనె పోసి ఊరుకొనరాదు. వినికిడి బాగానే ఉండి మాట రాకపోయినా, పిలిచినవారి ముఖము చూడకపోయినా అదీ డాక్టరు చూడవలసినదే.

ఎక్కడికి వెళ్లాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద డాక్టర్ల బృందము ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి. ఆ రోజు కూలికి పోయినా బిడ్డను మాత్రము ఇంట ఉంచకండి. అవసరమైతే వారే జిల్లా ఆసుపత్రికి పంపుతారు. చెవి పరీక్షకు నొప్పి లేదు, చిన్నపిల్లలకు నిద్రలోనే చేస్తారు.

చెవి మిషను పెట్టిన మొదటి ఆదివారము ఆలయపు గంట మ్రోగితే పాప బెదిరి తల్లి కొంగులో దూరినది. నాయనమ్మ నవ్వుతూనే ఏడ్చినది. ఇప్పుడు పాపకు ఆరేళ్లు. మాటలు మూడేళ్ల పిల్లవి. మిషను పెట్టి రెండేళ్లే అయినది మరి. మొన్న పాస్టరమ్మగారి దగ్గరకు వచ్చి, "అమ్మగాలూ, నీల్లు" అని చేయి చాచినది.