ఇంకా 1,170 పుస్తకాలు!

రోజుకు 20 పేజీలు. ఆఫీసు, ఇల్లు, ఫోను అన్నీ పోగా చదువుకోవడానికి నాకు మిగిలేది అంతే. అంటే ఏడాదికి 7,300 పేజీలు. పుస్తకం సగటున 250 పేజీలనుకుంటే 29 పుస్తకాలు. నాకిప్పుడు 28 ఏళ్లు. ఇంకో 40 ఏళ్లు ఒక్కరోజు కూడా మానకుండా చదివినా 1,170 పుస్తకాలకు మించవు. ఏ పుస్తక ప్రదర్శనకు వెళ్లినా రెండు మూడు స్టాళ్లలోనే అన్ని కనబడతాయి!

సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కదా, దేనికైనా ముందు లెక్కే వేసుకుంటా. ఈ లెక్క తేలినప్పటి నుంచీ పుస్తకం చేతిలోకి తీసుకోగానే ‘ఇది బాగుంటుందా?’ అని కాదు, ‘ఆ 1,170లో దీనికి చోటివ్వాలా?’ అని అడుగుతున్నా. మీరూ ఒకసారి వేసుకుని చూడండి. మీ అభిరుచి ఏమిటో మీకే తెలిసొస్తుంది.

అవ్వ నేర్పిన పరీక్ష

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్లకు పేరుమోసిన ఊరు. మా ఇంట్లో బంగారం అంతంతమాత్రమే గానీ పాత చందమామలు మాత్రం ట్రంకు పెట్టె నిండా ఉండేవి. మా అవ్వకు చదువు రాదు. నేను గట్టిగా చదివితే వినేది. విక్రమార్కుడు మళ్లీ చెట్టు దగ్గరికి బయల్దేరగానే “మళ్లా పాయనా ఆ యప్ప!” అని నవ్వేది. ఎక్కడైనా వాక్యం మెలికపడితే మాత్రం “ఏందిరా అది, అర్థమయ్యేట్టు చదువు” అనేది. ఇప్పటికీ పుస్తకం కొనేముందు ఒక పేజీ అవ్వకు చదువుతున్నట్టు మనసులో చదివి చూస్తా. తడబడితే అక్కడే పెట్టేస్తా.

ఇంటర్లో యండమూరి నవలలు రాత్రుళ్లు నిద్ర లేకుండా చదివించాయి. ఉద్యోగంలో చేరాక స్నేహితులు ఇంగ్లీషు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చేతిలో పెట్టారు. తెల్లవారుజామునే లేవమని చెప్పడానికి 200 పేజీలెందుకో నాకు అర్థం కాలేదు. మా అవ్వ అదే పని ఒక్క కేకతో చేసేది!

ప్రొద్దుటూరులో పుట్టినవాడికి పుట్టపర్తి నారాయణాచార్యులు పేరు వినకుండా పెరగడం కష్టం. ఆయన రాసిన ‘పెనుగొండలక్ష్మి’ కావ్యమే ఆయనకు విద్వాన్ పరీక్షలో పాఠ్యపుస్తకంగా వచ్చిందన్న ముచ్చట మా తెలుగు సారు ఏటా చెప్పేవారు. ‘శివతాండవం’ మాత్రం కళ్లతో చదివితే నాకు సగమే అందింది. సారు గొంతెత్తి చదివిన రోజు, అర్థం పూర్తిగా తెలియకపోయినా ఒళ్లు ఝల్లుమంది. అదీ అవ్వ పరీక్షలో నెగ్గినట్టే.

రాతి మీద తెలుగు

మా మేనమామది జమ్మలమడుగు. సెలవులకు అక్కడికి పోతే గండికోట తప్పనిసరి. ఆ చుట్టుపక్కలే ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రం వల్ల ఆ పేరు చాలామందికి తెలుసు. కానీ ఇప్పటిదాకా దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం ఆ ఊరిదే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించింది. అంతకుముందు శాసనమంటే ప్రాకృతమో సంస్కృతమో. రాజు మాట జనం భాషలో రాతికెక్కింది మా ప్రాంతంలోనే అని తెలిసినప్పటి నుంచీ తెలుగులో రాయడం నాకు మురిపెంగా కాక బాధ్యతగా అనిపిస్తోంది.

కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేశారు. ఆయన కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ కథల్లోని రైతులు మా బంధువుల్లాగే మాట్లాడతారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చదివాక, కరువుకాలంలో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కేవాళ్ల కష్టం తెలిసింది. అందుకే నా 29లో ఏటా ఆరు చోట్లు సీమ పుస్తకాలకు రిజర్వేషన్!

ఇంజనీరింగ్ వదిలిన విమర్శకుడు

పులివెందుల జేఎన్టీయూలో బీటెక్ చదివే రోజుల్లో పరిచయమైన పేరు రా.రా. అంటే రాచమల్లు రామచంద్రారెడ్డి. 1922లో అక్కడికి దగ్గరి పైడిపాలెంలో పుట్టారు. ఆయనా మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చేరినవారే. గాంధీజీ నిరాహారదీక్షకు మద్దతుగా నిలిచినందుకు ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ‘సంవేదన’ పత్రిక నడిపారు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేశారు. ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషు వాక్యాన్ని మక్కీకి మక్కీ దించితే తెలుగు ఎట్లా చెడుతుందో అందులో ఉదాహరణలతో చూపిస్తారు.

అది సాహిత్యం గొడవేలే అనుకునేవాణ్ణి, మా అమ్మ ఫోనులో డబ్బు పంపడం నేర్చుకునేదాకా. ఒకరోజు తెర మీద “మీ లావాదేవీ విఫలమైంది” అని వచ్చింది. “విఫలమైందంటే దుడ్లు పోయినట్టా, పోనట్టా?” అని బెంగళూరులో ఉన్న నాకు కంగారుగా ఫోన్ చేసింది. ‘డబ్బు వెళ్లలేదు, మీ ఖాతాలోనే ఉంది’ అని రాసుంటే ఆ కంగారు ఉండేది కాదు. ఆ తెలుగు అర్థం కానివాళ్లే ఫోను పక్కవాడి చేతికిచ్చి “చూడు నాయనా” అంటారు, పిన్ నంబరుతో సహా! మోసగాళ్లకు కావలసిందీ అదే. చెడ్డ తెలుగుకు ఖరీదు చెల్లించేది ఇట్లాంటివాళ్లే.

నా కోరిక అక్కడ పుట్టింది. గొప్ప నవల రాయాలని కాదు. ఫోను, బ్యాంకు, ఓటీపీ, పాస్‌వర్డు, వీటి వెనుక ఏం జరుగుతుందో అమ్మలాంటివాళ్లకు చెప్పే 150 పేజీల తెలుగు పుస్తకం రాయాలని. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి, అది అడిగినవాడు మన ఇంటి తాళంచెవి అడిగినట్టే. ఇట్లా చెప్పుకుంటూ పోవాలి.

150 పేజీలంటే నాలాంటివాడికి వారం పైన చదువు. చదివేవాళ్ల లెక్కలో అది ఇంకో మంచి పుస్తకం చోటు తినేస్తుంది. అందుకే ఊరెళ్లినప్పుడల్లా రాసింది అమ్మకు గట్టిగా చదువుతున్నా. ఆమె “మళ్లా చెప్పు” అన్న చోటల్లా తిరగరాస్తున్నా. ఇప్పటికి పాసైనవి 11 పేజీలు.