మట్టి కింది లోహాన్ని వినే యంత్రం

1879లో లండన్‌లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ అనే శాస్త్రవేత్త తన బల్ల మీద రెండు జతల తీగచుట్టలు పేర్చుకుని, ఓ గడియారాన్ని మైక్రోఫోన్‌కి ఆనించి పెట్టాడు. గడియారం టిక్కుమన్నప్పుడల్లా చుట్టల్లో పారే విద్యుత్తు హెచ్చుతగ్గులవుతుంది. ఆ కదలిక తీగల కలయికేమీ లేకుండానే పక్క చుట్టలోకి చేరుతుంది. రెండు జతలూ ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి చెరిపేసేలా అమర్చాడు కాబట్టి చెవి దగ్గరి టెలిఫోన్ గొట్టంలో చప్పుడు లేదు. అప్పుడు ఒక జతలో షిల్లింగ్ నాణెం పెట్టాడు. టిక్ టిక్ మొదలైంది. రెండో జతలోనూ టంకశాల నుంచి కొత్తగా వచ్చిన షిల్లింగ్ పెడితే ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ జంట నాణేల్లో ఒకటి కాస్త అరిగినా, కాస్త వెచ్చబడినా, దొంగ నాణెమైనా టెలిఫోన్ వెంటనే పట్టిచ్చేది.

ఇవాళ ఇంగ్లండు పొలాల్లో పాత బంగారు నాణేల కోసం తిరిగేవాళ్ల చేతిలోని మెటల్ డిటెక్టర్ ఈ బల్ల మీది పరికరానికి వారసురాలే. దాని లోపల జరిగే పని ఈ నూటనలభై ఏళ్లకు పైగా పెద్దగా మారలేదు. కర్ర చివరి పళ్లెంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదాంట్లో సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే విద్యుత్తు పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం కిందికి, మట్టిలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే, 1831లో శాస్త్రవేత్త ఫారడే చూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల ఆ లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు లేస్తాయి. అవి తమదైన మరో క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండో చుట్ట ఎదురుచూసేది దానికోసమే. అంటే డిటెక్టర్ నాణేన్ని చూడదు, వాసన పట్టదు. నాణేన్ని ఒక క్షణం విద్యుత్ పరికరంగా మార్చి, అది చెప్పే జవాబు వింటుంది.

నేల మీదికి రాకముందు ఈ యంత్రం ఓ మనిషి ఒంటి మీద పరీక్షకు నిలబడింది. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ని చార్లెస్ గిటో తుపాకీతో కాల్చాడు. వీపులోంచి దూరిన తూటా ఎక్కడ ఆగిందో డాక్టర్లకి అంతుపట్టలేదు. అప్పటికి ఎక్స్‌రే లేదు. కడగని వేళ్లూ పరికరాలూ గాయంలోకి పెట్టి వెతికారు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆ వార్త విని, హ్యూస్ సూత్రం మీదే తూటా వెతికే పరికరం తయారుచేయడానికి రాత్రింబవళ్లు కూర్చున్నాడు. అంతర్యుద్ధంలో తగిలిన తూటాలను ఒంట్లో ఉంచుకుని బతుకుతున్న పాత సైనికుల మీద పరీక్షిస్తే పరికరం సరిగ్గానే పలికింది. జూలై 26న, మళ్లీ ఆగస్టు 1న అధ్యక్షుడి మంచం దగ్గర ప్రయత్నించాడు. రెండోసారి చప్పుడు వచ్చింది గానీ ఒకచోట కాదు, ఎటు కదిపినా వచ్చింది. పరుపు కింద ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. పైగా ప్రధాన వైద్యుడు విలార్డ్ బ్లిస్, తూటా కుడివైపే ఉందన్న తన నమ్మకం కొద్దీ ఆ వైపే వెతకనిచ్చాడు. గార్‌ఫీల్డ్ సెప్టెంబర్ 19న చనిపోయాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు దొరికింది.

పరికరం అబద్ధం చెప్పలేదు. కింద లోహం ఉందంది, నిజంగానే ఉంది. కచ్చితంగా ఏ లోహమో, ఎవరిదో, దాంతో ఏం చేయాలో అది చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఈ యంత్రం కథ ఎక్కడ మలుపు తిరిగినా ఈ సంగతే ముందుకొస్తుంది.

దీన్ని జనం చేతికి అందించినవాడు గెర్‌హార్డ్ ఫిషర్, జర్మనీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ ఇంజనీరు. విమానాలకు దారి చూపే రేడియో పరికరాలు కొన్ని చోట్ల తప్పుడు దిక్కు చూపడం గమనించాడు. కింది లోహమూ ఖనిజాలూ రేడియో తరంగాలను చెదరగొడుతున్నాయని అర్థమయ్యాక, ఆ లోపాన్నే ఉపయోగంగా మార్చుకున్నాడు. 1937లో ఆయన పరికరానికి పేటెంటు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైన్యాధికారి యూజెఫ్ కొసాట్స్కీ స్కాట్లండ్‌లో ఉండగా మందుపాతరలు వెతికే డిటెక్టర్ రూపొందించాడు. బరువు 14 కిలోల లోపు, ఒక సైనికుడు మోసుకుంటూ నడవగలడు. 1942లో ఐదు వందల దాకా యంత్రాలు ఈజిప్టులోని ఎల్ అలమెయిన్ యుద్ధానికి చేరాయి. భారత దళాలు కూడా నిలిచి పోరాడిన రణరంగం అది. గంటకు నూరు మీటర్లు సాగే మందుపాతరల ఏరివేత, ఈ యంత్రం వచ్చాక రెండు వందలకు పెరిగిందంటారు. కొసాట్స్కీ పేటెంటు అడగలేదు, సైన్యానికి ఉత్తినే ఇచ్చేశాడు. ఎందరో సైనికుల కాళ్లనీ ప్రాణాలనీ కాపాడిన ఆయన పేరు, అదే యంత్రంతో బంగారం వెతికేవాళ్లలో ఎందరికి తెలుసు?

యుద్ధం ముగిశాక మిగిలిన యంత్రాలు చవగ్గా అమ్ముడై, సైన్యం పనిముట్టు సెలవురోజు సరదా అయింది. ట్రాన్సిస్టర్లు వచ్చి బరువు తగ్గింది. ఇనుము చప్పుడునీ మిగతా లోహాల చప్పుడునీ వేరుచేసే ఏర్పాటు వచ్చాక సరదా కాస్తా ఉద్యమమైంది. పొలంలో ఇనుప మేకులు లెక్కలేనన్ని. ప్రతి మేకుకీ తవ్వితే సాయంత్రానికి నడుం విరుగుతుంది.

అయితే బంగారు నాణెం విషయంలో ఒక చిక్కుంది. పెద్ద వెండి నాణెం చక్కని వాహకం, గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. బంగారం కూడా మంచి వాహకమే. కానీ యంత్రానికి చేరే జవాబు లోహాన్ని బట్టే కాదు, దాని మందాన్నీ సైజునీ బట్టి కూడా మారుతుంది. పల్చని చిన్న బంగారు నాణెం ఇచ్చే సంకేతం అల్యూమినియం రేకు ముక్కా, కూల్‌డ్రింక్ డబ్బా మీది లాగుడు రింగూ ఇచ్చే సంకేతాల నడుమ ఎక్కడో పడుతుంది. రేకుల్ని వినిపించకుండా చేస్తే బంగారమూ వినిపించకుండా పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు సిగరెట్ పెట్టె రేకుల కోసమూ ఓపిగ్గా మోకాళ్ల మీద కూర్చుంటారు.

ఆ తవ్వడం చూడదగ్గది. కోతలయ్యాక, రైతు అనుమతితో, మోళ్లు మిగిలిన చేల్లోనో పచ్చిక మీదో పళ్లాన్ని నేలకి రెండు వేళ్ల ఎత్తున అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తారు. చప్పుడు వచ్చినచోట అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి ఆడించి ఆ రెండు గీతలూ కలిసే చోటు గుర్తిస్తారు. పచ్చికైతే చిన్న పారతో మూడు వైపులా కోసి, నాలుగో వైపు గడ్డి వేళ్లు తెగకుండా డబ్బా మూతలా పైకి తిప్పుతారు. వేలంత కడ్డీ డిటెక్టర్‌తో గుంటలోనూ, తీసిన మట్టిలోనూ తడుముతారు. రాగి పచ్చబడి, వెండి నల్లబడి, ఇనుము తుప్పు ముద్దై వస్తుంది. బంగారం మాత్రం వెయ్యేళ్ల తర్వాత కూడా మట్టి దులిపితే చాలు, పసుపు రంగుతోనే వస్తుంది. చూసిన తర్వాత గుంట పూడ్చి, పచ్చిక తిరిగి వేసి కాలితో అదుముతారు. 2021లో డెవన్ కౌంటీలో ఇలాగే దొరికిన మూడో హెన్రీ రాజు బంగారు పెన్నీ, 1257 నాటిది, మరుసటి ఏడాది వేలంలో 5,40,000 పౌండ్లు పలికింది.

ఎంత లోతు వినగలదన్నది మన వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. క్షేత్రం కిందికి దిగేటప్పుడూ బలహీనపడుతుంది, జవాబు పైకొచ్చేటప్పుడూ బలహీనపడుతుంది. చిన్న వస్తువు విషయంలో దూరం రెండింతలైతే జవాబు దాదాపు అరవైనాలుగో వంతుకి పడిపోతుంది. ఒంటరి నాణెం జానెడు, జానెడున్నర లోతులో ఉంటేనే మామూలు డిటెక్టర్‌కి చిక్కుతుంది. పాతిక అడుగుల కిందున్న లంకెబిందెల్ని, ఫర్లాంగు దూరంలోని బంగారాన్ని చూపిస్తుందని చెప్పి కడ్డీలు, పెట్టెలు అమ్మేవాళ్లది శుద్ధ మోసం, భౌతికశాస్త్రం దానికి ఒప్పుకోదు. ఇలాంటి ఉత్తుత్తి కడ్డీనే ‘ఏడీఈ 651’ పేరుతో బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కి అమ్మినవాడికి 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. ఆ కడ్డీని నమ్మి చెక్‌పోస్టుల దగ్గర వదిలేసిన వాహనాల వల్ల మనుషులు చచ్చిపోయారు.

యంత్రం పలికిన తర్వాత మనిషి చేసే పనిలోనే అసలు తేడా ఉంది. 1992 నవంబర్‌లో సఫోక్ కౌంటీలోని హాక్సన్ గ్రామంలో ఓ రైతు తన సుత్తి పొలంలో పోగొట్టుకుని, డిటెక్టర్ ఉన్న స్నేహితుణ్ణి వెతికిపెట్టమన్నాడు. ఆయనకి ముందు దొరికినవి వెండి చెంచాలు, బంగారు ఆభరణాలు, నాణేలు. కొన్నింటిని తీసి, ఇంకా చాలా ఉన్నాయని గ్రహించి ఆపేశాడు. అధికారులకు కబురందింది. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి మిగిలింది పొరలు పొరలుగా తీశారు. దాదాపు పదిహేను వేల రోమన్ నాణేలు, వాటిలో 569 సాలిడస్ అనే బంగారు నాణేలు. నేలలో ఏది ఏ స్థానంలో ఉందో రాసుకున్నారు కాబట్టే అవన్నీ ఒక చెక్కపెట్టెలో సర్దినవని, ఆ పెట్టె కొలత ఎంతని, ఏ వస్తువు ఏ వస్తువు పక్కన పెట్టారని తెలిసింది. నాణేల్లో చివరివి 407–408 నాటివి, అంటే రోమన్ పాలన బ్రిటన్‌లో కూలిపోతున్న రోజులు. సొమ్ము దాచిన కుటుంబం తిరిగి రాలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఆ నిధితో పాటు సుత్తిని కూడా ఉంచారు.

నా మనసు మాత్రం అందులోని వెండి మిరియాల డబ్బాల దగ్గర ఆగుతుంది. నాలుగున్నాయి. ఆ మిరియాలు పండింది మన దక్షిణ భారతంలో. వాటికీ మన బట్టలకీ రత్నాలకీ బదులుగా రోమ్ బంగారం సముద్రం దాటి ఇటు వచ్చేది. 1786లో నెల్లూరు దగ్గర కొండ పక్కన దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, మహారాణి ఫౌస్టీనాల బొమ్మలున్నవి. రైతు వాటిని పాత బంగారం ధరకి అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్పైకి పైగా మాత్రం ఆర్కాటు నవాబు కుటుంబానికి చేరి, మద్రాసు గవర్నర్ డేవిడ్‌సన్ ఉత్తరం రాయడం వల్ల మనకి ఆ సంగతైనా తెలిసింది. రైతును తప్పుపట్టలేం, ఆయనకి చెప్పినవాళ్లెవరు? కానీ ఆ కుండలో మొత్తం ఎన్ని నాణేలున్నాయి, అన్నిటికన్నా కొత్తది ఏ ఏటిది, ఆ గుడి ఏ కాలంది అన్న ప్రశ్నలకి జవాబులు మూసలోనే కరిగిపోయాయి. హాక్సన్‌లో తెలిసిన ప్రతి ముక్కా నెల్లూరులో పోయింది.

ఇంగ్లండు కూడా దెబ్బలు తిని నేర్చుకుంది. 1980లలో సర్రేలోని వాన్‌బరో రోమన్ ఆలయస్థలిని రాత్రిళ్లు డిటెక్టర్లతో వచ్చిన ముఠాలు దోచుకున్నాయి. ఆ దెబ్బ తర్వాతే 1996 నిధుల చట్టం వచ్చింది. నిధి దొరికితే పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే మార్కెట్ విలువను మామూలుగా దొరికించుకున్నవాడూ పొలం యజమానీ పంచుకుంటారు. పశ్చిమ నార్ఫోక్‌లో బయటపడ్డ ఆంగ్లో-సాక్సన్ కాలపు 131 బంగారు నాణేల్లో పది తనకే దొరికితే చెప్పకుండా అమ్మబోయిన పోలీసు జైలుకెళ్లాడు. నాణెం చిన్నదైనా, ఒంటరిదైనా చోటుతో సహా నమోదు చేయించుకునే ప్రభుత్వ పథకం ఒకటి అక్కడ నడుస్తోంది. దాంట్లో పదిహేను లక్షలకు పైగా వస్తువులు చేరాయి. వాటిలో ఎక్కువ భాగం డిటెక్టర్ పట్టుకు తిరిగే మామూలు మనుషులు తెచ్చినవే.

మన దగ్గర గుప్తనిధుల పేరుతో పాడుబడ్డ గుళ్లలో గర్భగుడి రాళ్లు పెకలిస్తున్నారు, నంది విగ్రహాల పొట్టలు పగలగొడుతున్నారు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. సొంత పొలంలో దున్నుతుండగానే దొరికినా చట్టం ఉంది. పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి భారత నిధుల చట్టం చెబుతుంది. దాచుకున్న వారసులెవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పావు వంతు దొరికినవాడికి, పావు వంతు స్థలం యజమానికి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి చెల్లించాలి. కలెక్టర్‌కి ఇచ్చే ఆ కాగితంలో రాయాల్సినవి ఇవీ: ఏం దొరికింది, ఎంత దొరికింది, ఏ తేదీన దొరికింది, ఏ చోట దొరికింది.