ఇంట్లో ఒక మూల చాలు: స్క్రీన్ ప్రింటింగ్

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! స్కాలర్‌షిప్పుతో ఫీజు గడిచినా చేతి ఖర్చులకు ఏం చేస్తారు? మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు; అడగడానికి ఎవరూ లేకపోయారు. కరీంనగర్‌లో పీజీ చదువుతూ ఈ పని పట్టుకున్నాను.

1907లో ఇంగ్లండులో శామ్యూల్ సైమన్ పేటెంటు పొందిన పద్ధతి ఇది. చెక్క ఫ్రేము, మెష్, ఎమల్షన్, స్క్వీజీ, ఇంకు, అద్దం, చీకటి చేయగల గది ఉంటే చాలు. కార్డులకు సన్నని కన్నుల మెష్, గుడ్డసంచులకు పెద్ద కన్నులది వాడాలి.

ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెట్టాలి. డీటీపీ ట్రేసింగు పెట్టి, పైన అద్దం ఉంచి, కొద్దిసేపు వెలుతురు చూపాలి. వెలుతురు తగిలినచోట అది గట్టిపడుతుంది. అక్షరాల నీడ పడినచోట నీళ్ళకు కడుక్కుపోతుంది. స్క్వీజీతో లాగితే ఆ కన్నుల్లోంచే ఇంకు దిగుతుంది.

నా మొదటి పెళ్ళికార్డుల్లో అక్షరాలు తిరగబడ్డాయి. వంద కార్డుల నష్టం నేనే భరించాను. ఫ్రేము లోపలి నుంచి చూస్తే అక్షరాలు సరిగా చదవగలగాలి. ముందు చిత్తుకాగితంపై ఒక అచ్చు తీయండి.

ఎమల్షన్‌లో కలిపే బైక్రోమేట్ విషం. చేతికి తొడుగులు వేసుకోండి, ఆ నీళ్ళు బావి, బోరు దగ్గర పారబోయకండి.

బ్యానర్లు ఫ్లెక్సీకి పోయాయి. కొద్ది కార్డులు, సంచులు మాత్రం మన చేతికే మిగిలాయి. చదువు ఆగకుండా చేయి నడవాలి, అంతే!